అట్టలో కుట్టిన గింజలు

అన్ని గళ్లలోనూ "నో" కొట్టమన్నాడు ఆ పెద్దమనిషి. తెనాలిలో ఓ మేడ మీద అద్దాల గది. లోపల చలి. గోడ మీద ఎగిరే విమానం బొమ్మ. దాని కింద మెడకి టై కట్టుకుని కూర్చున్న ముప్పై ఏళ్ల మనిషి. పిల్లల్ని పైదేశాలకి చదువుకి పంపించే ఆఫీసు అది. మా చెల్లెలి మనవరాలు బాపట్లలో నాలుగేళ్లు వ్యవసాయం చదివి, పైచదువుకి ఆస్ట్రేలియా వెళుతోంది. వీసా వచ్చింది, టిక్కెట్టూ వచ్చింది. అక్కడ దిగాక ఎయిర్‌పోర్టులో ఏమేం అడుగుతారో చెబుతాం రమ్మన్నారని పిల్ల బయల్దేరితే, తోడుగా నేనూ వెళ్లాను.

"విమానంలోనే ఒక కార్డు ఇస్తారమ్మా. తిండి ఏమైనా తెచ్చావా, మొక్కలు తెచ్చావా, గింజలు తెచ్చావా, ఈమధ్య పొలంలో తిరిగావా అని ఉంటాయి. అన్నిటికీ నో కొట్టెయ్. యెస్ అంటే పక్క లైన్లో నిలబెట్టి బ్యాగులన్నీ విప్పిస్తారు. మా పిల్లలందరూ నో కొట్టే వెళ్లారు."

"పచ్చడి ఉంటేనో?" అన్నాను.

"ఉన్నా నో నే తాతగారూ."

"అంటే అబద్ధం రాసి సంతకం పెట్టమంటారు."

"అబద్ధం కాదండి, టెక్నిక్," అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఐదో తరగతితో బడి అయిపోయింది. పన్నెండో ఏట తెనాలిలో ఒక ప్రెస్సులో చేరాను. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చే పని. అచ్చు పడకముందు అక్షరం ఎదురు తిరిగి ఉంటుంది, దాన్ని అలాగే చదవాలి. నాకు తెలుగూ అలాగే వచ్చింది, ఇంగ్లీషూ అలాగే వచ్చింది. ప్రూఫు కాగితాలే నా చదువు. ప్రెస్సుల్లోకి కంప్యూటర్లు వచ్చాక బైండింగులోకి మారాను, ఇప్పటికీ ఇంటి వసారాలో చేస్తున్నాను. అచ్చయిన కాగితం ఏది కనపడినా చివరి లైనుదాకా చదవందే కింద పెట్టను. ఆయన మా ముందు పడేసిన నమూనా కార్డునీ, దాంతోపాటు ఉన్న సూచనల కాగితాన్నీ అలాగే చదివాను. అడుగున ఉంది అసలు సంగతి. రాసినవన్నీ నిజమని సంతకం పెట్టాలి. ఉన్నది ఉందని చెబితే నేరం లేదు, చూస్తారు, పనికొస్తే ఇస్తారు, పనికిరాకపోతే తీసేసుకుంటారు. ఉన్నది లేదని రాస్తే మాత్రం శిక్ష ఉంటుంది, వీసా రద్దయినా అవ్వచ్చు.

"ఈ లైను మీ పిల్లలకి చదివి వినిపించారా?" అని అడిగాను.

"అవన్నీ ఎవరూ చదవరండీ."

"నేను చదివాను," అని లేచాను. మెట్లు దిగుతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, నువ్వు అరవకుండా ఒక్క ఆఫీసులోంచైనా బయటికొచ్చావా ఎప్పుడైనా?" అంది.

"అరిచే పని పెట్టని ఆఫీసు ఒక్కటి చూపించు."

ఆ రోజే చెప్పాను దానికి, ఈ సంగతి నేను చూసుకుంటానని. అక్కడే పడింది నా మెడకి ఉచ్చు.

వాళ్లది రేపల్లె. పిల్ల తల్లి నాకు మేనకోడలు, అంగన్‌వాడీ టీచరు. తండ్రి అడవులదీవి వైపు చేపల చెరువుల మీద పని చూస్తాడు. వారం ముందే నేను రేపల్లెలో దిగిపోయి, వరండాలో కుర్చీ వేసుకుని ఆఫీసరునైపోయాను. పిల్ల పెట్టె ఈడ్చుకుంటూ గుమ్మంలోంచి రావడం, నేను అడగడం.

"ఎందుకొచ్చావు?"

అది గడగడా మొదలుపెట్టింది. తనకి వ్యవసాయమంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమనీ, ఆ దేశపు విద్యా ప్రమాణాలు గొప్పవనీ, ఇంకా ఏమేమో. టై మనిషి బట్టీ పట్టించిన ఇంగ్లీషు.

"ఆపు. ఎందుకొచ్చావంటే చదువుకోడానికి వచ్చానను. ఏం చదువంటే చదువు పేరు చెప్పు. ఎక్కడుంటావంటే అడ్రసు చూపించు. అడిగినదానికే చెప్పాలి, అడిగినదానికి మాత్రం తప్పకుండా చెప్పాలి. తెలియకపోతే తెలియదను. అర్థం కాకపోతే మళ్లీ అడగమను. సిగ్గుపడి తల ఊపావో, దేనికి ఊపావో వాడికీ తెలియదు, నీకూ తెలియదు."

"తాతయ్యా, అక్కడి ఆఫీసరు నీ అంత కోపంగా ఉండడు."

"ఉంటే?"

"మీ తమ్ముడు దొరికాడని ఫోన్ చేస్తా."

వాళ్లమ్మ లోపల్నుంచి నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. పాస్‌పోర్టు, వీసా కాగితం, సీటిచ్చిన ఉత్తరం, దిగబోయే ఇంటి అడ్రసు అన్నీ భుజానికి వేసుకునే సంచిలో పైన ఉండాలన్నాను. పెద్ద పెట్టె రావడం ఆలస్యం కావచ్చు, అడిగేవాడు దానికోసం ఆగడు. ఫోన్‌లో చార్జింగు అయిపోతే అందులోని అడ్రసు దేనికీ పనికిరాదు. కాబట్టి కాగితం మీద కూడా రాసి ఉండాలి. వేలిముద్రలు గానీ, ఫొటో గానీ అడిగితే కంగారు పడకూడదు. పక్కకి రమ్మంటే అరెస్టు చేస్తున్నారని కాదు. పక్కకి రమ్మంటున్నారంతే.

తర్వాత పెట్టె విప్పించాను. నేను అనుకున్నంతా అయింది. గోంగూర పచ్చడి స్వెట్టరు మధ్యలో ఉంది. కారప్పొడి సాక్సుల్లో ఉంది. దుగ్గిరాలలో ఎవరో ఇచ్చిన పసుపు, పౌడరు డబ్బాలో పోసి ఉంది.

"ఇదేంటే?" అన్నాను మేనకోడల్ని.

"కనపడకుండా ఉంటాయని, మావయ్యా."

"ఎవరికి కనపడకుండా? ఇదేమైనా నాటుసారానా? గోంగూర!"

"పొలంలో తిరిగావా అని కూడా అడుగుతారంట కదా, తిరక్కపోతే తిండెట్లా వస్తుందని అడగమను," అంది ఆవిడ ఉక్రోషంగా. బిడ్డ వెళుతోందన్న దిగులంతా ఆ డబ్బా మీద చూపిస్తోంది.

అన్నీ బయటికి తీయించాను. ఒకే సంచిలో, ఎవరైనా చెయ్యి పెట్టగానే అందేటట్టు సర్దించాను. ఒక తెల్లకాగితం తీసుకుని, ఏ వస్తువు ఎక్కడుందో తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, అచ్చక్షరాల్లో రాశాను. తిండి, పొడులు, పొలం బూట్లు, బట్టలు, కాగితాలు. కాగితాల కింద సర్టిఫికెట్లు, ఉత్తరాలు, రికార్డు పుస్తకం. రెండు ప్రతులు రాసి ఒకటి దానికిచ్చి, ఒకటి నా జేబులో పెట్టుకున్నాను.

రికార్డు పుస్తకం సంగతి చెప్పాలి. బాపట్లలో చదివేటప్పుడు పిల్ల నలభై రెండు రకాల గింజలు పోగుచేసింది. మినుము, పెసర, జనుము, నువ్వు, ఆవాలు, వరిలోనే తొమ్మిది రకాలు. ఒక్కొక్కటి చిన్న పారదర్శక కవరులో వేసి, దళసరి కాగితానికి అంటించి, కింద పేరూ ఊరూ రాసింది. వెనక పేజీల్లో ఎండబెట్టిన కలుపు మొక్కలు. గరిక, తుంగ, వయ్యారిభామ. మొదటి పేజీలో మేష్టారి సంతకం. అలాంటి రికార్డు ఆ బ్యాచిలో ఇంకెవరూ చేయలేదట. ఆస్ట్రేలియాలో తనకి చదువు చెప్పబోయే ప్రొఫెసరుకి చూపించాలని దాని కోరిక. విడి కాగితాలుగా నా దగ్గరికి తెస్తే, నెల ముందు నేనే కుట్టాను. గింజలు నలగకుండా ప్రతి రెండు కాగితాల మధ్యా అట్టముక్క ఎత్తు పెట్టి, దారానికి మైనం రాసి, అట్ట మీద పచ్చ కాలికో గుడ్డ వేసి, పేరు బంగారు రంగులో కొట్టాను. ముప్పై ఏళ్లలో నేను చేసిన మంచి బైండింగుల్లో అదొకటి. మైదా జిగురులో మైలుతుత్తం కలిపాను. "నీ పుస్తకంలోకి ఒక్క పురుగు దూరదు," అని గొప్పగా చెప్పాను కూడా.

ఆ లిస్టు రాయకముందే ఒకరోజు రేపల్లె నుంచి పిల్లా నేనూ బాపట్ల వెళ్లాం. కాలేజీలో ఒక సర్టిఫికెట్ మిగిలిపోయింది, హాస్టల్లో దాని పొలం బూట్లు ఉండిపోయాయి. బూట్ల అడుగున గాళ్లలో ఇసుకమట్టి బిగిసిపోయి ఉంది. అక్కడి ఆఫీసర్లు బూట్ల మట్టి కూడా చూస్తారని సూచనల కాగితంలో ఉంది. తిరుగు రైలు ఆలస్యమైతే బాపట్ల స్టేషనులో బెంచీ మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో ఆ మట్టి గీకుతూ చెప్పాను, మా అమ్మ కథ.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. బియ్యం రాష్ట్రం దాటకూడని కాలం. మద్రాసు వైపు వెళ్లే రైళ్లని ఇక్కడ ఆపి సంచులు వెతికేవాళ్లు. ఆడవాళ్లు చీర మడతల్లో కట్టుకుని పోయేవాళ్లు. మా అక్క మద్రాసులో కాపురం, పురుడొచ్చింది. బాలింతకి పాత బియ్యం కావాలని అమ్మ బయల్దేరింది, నేను తోడు. మాది దొంగ సరుకు కాదు. ఇంటి వాడకానికి ఇంత తీసుకెళ్లచ్చని తాలూకా ఆఫీసులో కాగితం రాయించుకొచ్చాను, నా చొక్కా జేబులోనే ఉంది. అయినా అమ్మ ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసి నడుముకి కట్టుకుని, పైన చీర కప్పుకుంది. ఎందుకంటే అందరూ అలాగే తీసుకెళ్లేవాళ్లు. ఖాకీ చొక్కా మనిషి రైలు పెట్టెలోకి వచ్చి "ఏమన్నా ఉందా?" అన్నాడు. అమ్మ "లేదండి" అంది. నోట్లోంచి ఊడిపడిందా మాట. ఇద్దరాడవాళ్లు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి దించారు. సంచి విప్పారు. గింజలు కిందపడితే అమ్మ వంగి ఏరబోయింది, కాలితో అడ్డం పెట్టారు. సాయంత్రందాకా ఎండలో కూర్చోబెట్టి, బియ్యం తీసుకుని వదిలేశారు. రైలెప్పుడో పోయింది. "మన బియ్యమే. మనదాన్ని నా నోటితో నేనే లేదన్నాను," అని అమ్మ బతికినన్నాళ్లూ అంది.

పిల్ల చేతిలోని బూటు ఒళ్లో పెట్టుకుని అడిగింది, "మరి నువ్వు కాగితం ఎందుకు తీయలేదు తాతయ్యా?"

నేను టూత్‌బ్రష్ విదిలించాను.

"అప్పటికే అమ్మ లేదంది కదా. కాగితం తీస్తే అమ్మ అబద్ధమాడిందని తేలుతుందని..."

"అబద్ధమని ఎలాగూ తేలింది కదా."

"నువ్వు బూటు గీకు," అన్నాను గట్టిగా. పక్క బెంచీ మీదాయన తిరిగి చూశాడు. అరవై ఏళ్లు దాటింది. కోపం మాత్రం ఇంకా ఉంది.

ప్రయాణానికి ముందు ఆదివారం గుడిలో పాస్టరుగారు దానికోసం ప్రార్థన చేశారు. మర్నాడు తండ్రీ కూతురూ హైదరాబాదు వెళ్లారు. నేను తెనాలి వచ్చేశాను. పెట్టె సర్దిన పద్ధతి తలుచుకుని తృప్తిగానే నిద్రపోయాను.

పొద్దున్నే ఏడున్నరకి వసారాలో పనిబల్ల తుడుస్తున్నాను. బల్ల మూలన పిల్ల వదిలేసిన కవరు ఉంది. అంటించగా మిగిలిన గింజలు. ఎత్తి చూస్తే అడుగున పిండిలా రాలి ఉంది. పెసరగింజకి బొత్తాం బెజ్జమంత చిల్లు. ఆ చిల్లులోంచి గోధుమరంగు పురుగు తల బయటపెట్టి, కాళ్లు ఆడించి, నా బొటనవేలు మీదికి ఎక్కింది.

చూస్తూ నిలబడ్డాను. గింజలు. అవి గింజలు! రోజుల తరబడి నా చేతుల్లో నలిగినా అది నాకు పుస్తకమే. కుట్టు, కాలికో, బంగారక్షరాలు. లిస్టులో కాగితాల కింద రాశాను. గోంగూర దాచిందని మేనకోడల్ని నిలబెట్టి కడిగేసిన మనిషిని, పురుగు పట్టిన గింజల్ని అట్టలో కుట్టి, కాలికో గుడ్డ కప్పి, కాగితాలని పేరు పెట్టి పంపించాను. మా అమ్మ చీర మడతల్లో పెట్టింది. నేను బైండింగులో పెట్టాను. మైలుతుత్తం బయటి పురుగుని ఆపుతుంది. లోపలున్నదాన్ని ఏం చేస్తుంది?

పిల్ల ఆ లిస్టు చూసే కార్డు నింపుతుంది. నేనే చెప్పాను, కళ్లు మూసుకుని దీని ప్రకారం రాయమని.

దాని తండ్రికి ఫోన్ చేశాను. తిరుగు రైలు కోసం స్టేషనులో కూర్చున్నాడు.

"రికార్డు పుస్తకం పెద్ద పెట్టెలో పెట్టిందా?"

"లేదండి, చేతి సంచిలోనే ఉంది. నలుగుతుందని ఒళ్లో పెట్టుకునే వెళ్లింది. ఏంటండీ?"

"ఏం లేదు. సింగపూర్ దాటి ఉంటుందా?"

"రెండో విమానం ఎక్కానని అరగంట క్రితమే మెసేజ్ పెట్టిందండి. ఇంక మధ్యాహ్నం రెండున్నరకి దిగాకే."

ఇంకా ఏడు గంటలుంది. ఏం చేసినా దానికి మాట అందదు. నాది బటన్ ఫోను, పిల్ల దిగగానే మాట్లాడేది వాళ్లమ్మ ఫోనుకే. చొక్కా వేసుకుని స్టేషనుకి నడిచాను. రేపల్లె పాసింజరు వెళ్లిపోయింది. బస్టాండుకి వచ్చి బస్సెక్కాను. వేమూరు దాటేదాకా కూర్చోగలిగాను, తర్వాత లేచి నిలబడ్డాను. "తాతా, సీటుంది కదా, కూర్చో," అంది ఎవరో అమ్మాయి. "నిలబడనీ అమ్మా," అన్నాను. భట్టిప్రోలులో బస్సు ఆగితే దిగాను, టీ చెప్పాను, తాగకుండానే మళ్లీ ఎక్కాను.

దారి పొడుగునా కాలవ గట్టు మీద వయ్యారిభామ తెల్లగా పూసి ఉంది. పై దేశం నుంచి తెచ్చిన గోధుమలతోపాటు వచ్చిందట ఆ మొక్క, ఎప్పుడో ప్రూఫులో చదివాను. అది దిగిన రోజున రేవులో నిలబడి "గింజలేమన్నా ఉన్నాయా?" అని అడిగినవాడు లేడు. ఉంటే మా చేలకీ గట్లకీ ఈ దురద తప్పేది. మరి వాళ్లు అడుగుతుంటే నేనెందుకు పళ్లు నూరాలి? వాళ్ల పొలాలు వాళ్లవి. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ముందు సీటు కమ్మీ పట్టుకుని నలిపాను.

రేపల్లెలో దిగేసరికి పదిన్నర. మేనకోడలు అంగన్‌వాడీలో ఉంది. పిల్లలకి గుడ్లు పెడుతూ నన్ను చూసి, "ఏంటి మావయ్యా, నిన్నేగా వెళ్లావు?" అంది.

చెప్పేశాను. దాచడానికి మనసొప్పలేదు.

చేతిలోని గుడ్డు ఒక పిల్లాడి కంచంలో పెట్టింది. తర్వాత, "అంటే నా గోంగూర దొరల్లే కూర్చుని వెళుతోంది, నువ్వు కుట్టిన పుస్తకం దొంగల్లే వెళుతోందా?" అంది.

"అవును."

"ఊరందర్నీ కడిగేస్తావు. ఆ టై కట్టుకున్నాయన్ని ఆయన ఆఫీసులోనే నిలదీశావంట. ఆయనన్నా తెలిసి చెప్పాడు." చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడేం చేస్తారు దాన్ని? వెనక్కి పంపేస్తారా?"

"పంపించచ్చు."

"దాని చదువో?"

ఖాళీ గుడ్ల అట్టలు ఎత్తి ఒక మూలన పెట్టాను.

సెంటరు అయ్యాక ఇంటికి వచ్చాం. అన్నం వండింది, ఇద్దరమూ తినలేదు. ఆవిడ గదిలోకి వెళ్లి మోకరించింది. "నువ్వూ రా మావయ్యా," అంది. వెళ్లలేదు. నేను చేసిన పనికి ఆయన్ని పిలవడానికి మొహం చెల్లలేదు. వరండాలో, వారం కింద ఆఫీసరు వేషం వేసిన కుర్చీ అక్కడే ఉంది. దాన్ని మడిచి గోడకి ఆనించాను. మళ్లీ తీసి వేశాను. వీధి చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను. జేబులోని రెండో ప్రతి తీసి చదివాను. "కాగితాలు" అన్న మాట దగ్గర అక్షరాలు ఎంత బాగా కుదిరాయో! ఒక్క వంకర లేదు.

రెండున్నర అయింది. మూడయింది. మూడుంపావు. ఫోన్ లేదు. దాని తండ్రి రైల్లోంచి రెండుసార్లు చేశాడు, "చేసిందా?" అని. మేనకోడలు ఫోను ఒళ్లో పెట్టుకుని, చెయ్యి తీయకుండా కూర్చుంది. నాలుగుకి పది నిమిషాలుందనగా మోగింది.

"అమ్మా, బయటికొచ్చేశాను."

మేనకోడలు ఏడుపు మొదలుపెట్టింది. ఫోను లాక్కున్నాను.

"పుస్తకం?" అన్నాను.

"నువ్వేంటి అక్కడ? తాతయ్యా, నీకెలా తెలిసింది?"

"పురుగు కనపడింది. చెప్పు."

చెప్పింది. నా లిస్టు పక్కన పెట్టుకుని విమానంలో కార్డు నింపిందట. తిండికి యెస్, బూట్లకి యెస్. గింజల గడి దగ్గరికి వచ్చి, లిస్టులో గింజల్లేవు కాబట్టి నో కొట్టిందట. దిగాక పాస్‌పోర్టు చూశారు, మొహం ఫొటోతో సరిచూశారు, ఏం చదువని అడిగారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పెట్టె తెచ్చుకుని తనిఖీ లైన్లో నిలబడితే ఒక కుక్కని నడిపించుకుంటూ వచ్చారట, సంచులు వాసన చూడటానికి.

"అది నా సంచి పక్కనుంచే వెళ్లిపోయింది తాతయ్యా. పట్టలా. అప్పటిదాకా నాకు పుస్తకం గుర్తే లేదు. ఆ కుక్క వెళ్లిపోతుంటే గుర్తొచ్చింది. ముందు, అమ్మయ్య అనుకున్నాను. తర్వాత కార్డు తీసి చూసుకున్నాను."

"ఊఁ."

"నో అని సంతకం పెట్టేశాను కదా, ఇప్పుడు చెబితే అబద్ధమాడానంటారు, ఊరుకుంటే వెళ్లిపోవచ్చు. అలా నిలబడ్డాను. బాపట్ల స్టేషన్లో నువ్వు చెప్పింది అదే కదా. కాగితం జేబులో పెట్టుకుని నిలబడ్డట్టే అనిపించింది. నా వంతు రాగానే కౌంటర్లో ఆవిడతో, తప్పు రాశాను, నా దగ్గర గింజలున్నాయని చెప్పేశాను."

"కోప్పడిందా?"

"లేదు. నో మీద గీత గీసి, యెస్ రాసి, పక్కన సంతకం పెట్టమంది. బల్ల దగ్గరికి తీసుకెళ్లి పుస్తకం విప్పింది. పేజీ పేజీ చూసింది. ఇంకొకాయన్ని పిలిచి చూపించింది. పెసర పేజీలో పురుగు కదులుతోంది తాతయ్యా! భూతద్దం తెచ్చుకుని చూశారు. వ్యవసాయం చదివావా అని అడిగితే, సిగ్గేసింది. ఎండిన మొక్కలూ గింజలూ అన్నీ తీసేసుకున్నారు. ఒక కాగితం రాసి, ఇకమీద జాగ్రత్త అన్నారు. బూట్లు అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు. పచ్చడి మూత తీసి, మళ్లీ పెట్టేశారు."

"గోంగూర ఇచ్చేశారా!" అంది పక్కనుంచి వాళ్లమ్మ, ఏడుపులోంచే.

నేను అడగాల్సింది వేరే ఉంది, నోటికొచ్చింది వేరే.

"ఎలా తీశారు? కుట్టు తెంపారా, పేజీలు చించారా?"

"కత్తితో కుట్టు పక్కగా కోసింది. దారం తెగకుండా కోసింది. ఎవరు కుట్టారంటే మా తాతయ్యన్నాను. అట్టా, మేష్టారి సంతకం పేజీ ఇచ్చింది. సంచిలో ఉన్నాయి."

"నలభై రెండు రకాలమ్మా..."

"పోనీలే తాతయ్యా."

"తప్పు నాది. లిస్టు నేను రాశాను."

"నేనూ చదివాగా. నాలుగేళ్లు అదే చదువు చదివి, నేనూ పుస్తకమనే అనుకున్నాను." అంటూనే, "బస్సొచ్చింది, రూముకి వెళ్లి చేస్తా," అంది.

మేనకోడలు కుక్కరు మూత తీసి, చల్లారిన అన్నం రెండు కంచాల్లో పెట్టింది. "తిను మావయ్యా, ఇంకెవరిమీదా అరవడానికి ఓపిక ఉండదు నీకు," అంది. తిన్నాను. తింటున్నంతసేపూ ఖాళీ అట్టల మధ్య, కుట్టు దగ్గర మిగిలిన కాగితపు అంచులే కనపడుతున్నాయి. ఎత్తు కోసం పెట్టిన అట్టముక్కలు వాటి మధ్య ఊరికే నిలబడి ఉంటాయి. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

సాయంత్రం రైలుకి తెనాలి బయల్దేరాను. కిటికీ పక్కన కూర్చుని రెండో ప్రతి తీశాను. "రికార్డు పుస్తకం" అన్నది కొట్టేశాను. తిండి కింద, పొడుల కింద చోటు లేదు. కాగితం అంచున, రైలు కుదుపుకి వంకర్లు పోతూ రాశాను: గింజలు, నలభై రెండు రకాలు, అట్టలో కుట్టినవి, పెసరకి పురుగు ఉంది. పక్కన సంతకం పెట్టాను, కౌంటర్లో ఆవిడ పెట్టమన్నట్టే.

ఎదురు సీటులో పసుపు చేతుల మనిషి, దుగ్గిరాల పసుపు యార్డులో పనిచేసేవాడిలా ఉన్నాడు, చాలాసేపట్నుంచీ చూస్తున్నాడు.

"ఏంటి బాబాయ్, అంత పట్టుగా రాస్తున్నావు? మా అబ్బాయి కూడా వచ్చే నెల బయటికి చదువుకెళుతున్నాడు. తెనాలిలో ఎవరో అన్నిటికీ నో కొట్టమన్నారంట."

కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయిన చెయ్యి ఆగింది. విప్పి అతని ఒళ్లో పెట్టాను.

"ముందిది చదువు," అన్నాను. "కొట్టేసిన లైనుతో సహా."